‘1884 నాటి హెరిటేజ్ గది’ అనగానే డబ్బు కట్టేయకండి: బర్డ్స్‌విల్ ప్యాకేజీతో మాకు జరిగింది

అడిలైడ్ నుంచో మెల్‌బోర్న్ నుంచో అవుట్‌బ్యాక్, అంటే ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతానికి, ట్రిప్పు వేద్దామనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జులై స్కూలు సెలవుల్లో మేం మోసపోయాం. ప్రాణం మీదికేమీ రాలేదు. పోయినవి 540 డాలర్లు, మా మామయ్యగారి దగ్గర నా పరువు.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకదాంట్లో ఒక ట్రావెల్ ఏజెంట్ ప్రకటన పెట్టాడు. పేరు రాయను, కంప్లైంట్ నడుస్తోంది. క్వీన్స్‌లాండ్‌లోని ఎడారి ఊరు బర్డ్స్‌విల్, అక్కడి బర్డ్స్‌విల్ హోటల్లో మూడు రాత్రులు, 1884 నాటి అసలు గదులు, రాతి గోడలు, మేడ మీది వరండాలో కూర్చుని ఎడారి సూర్యోదయం చూడటం. కింద ఫోటో. రెండంతస్తుల రాతి భవనం, పైన పొడవాటి వరండా, ఫోటో అడుగున ఒక మూల రెండు ఇనుప పట్టాలు. ఆ పట్టాల సంగతి తర్వాత చెబుతాను. మామూలు గది ధర మీద ‘హెరిటేజ్ అప్‌గ్రేడ్’ అని రాత్రికి 180 డాలర్లు అదనం. మామయ్యగారు గుంతకల్లు నుంచి వచ్చి ఉన్నారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు, పాత కట్టడాలంటే చెవి కోసుకుంటారు. ఆయన ముందు కాస్త గొప్పగా ఉంటుందని పేఐడీలో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి వెంటనే వెళ్లిపోయే బదిలీ) డబ్బు పంపేశాను. క్రెడిట్ కార్డు వాడలేదు. ఇది మొదటి తప్పు.

రెండో తప్పు, ‘హోటల్’ అన్న మాటని మన ఊరి అర్థంలో తీసుకోవడం. మనకి హోటలంటే ఇడ్లీ, దోసె, కాఫీ. ఆస్ట్రేలియాలో పాత ఊళ్లలో హోటలంటే ముందు సారా దుకాణం, తర్వాతే బస. వలస ప్రభుత్వాల కాలంలో మందు అమ్మే లైసెన్స్ కావాలంటే వచ్చినవాళ్లు పడుకోవడానికి గదులు కూడా పెట్టాలన్న షరతు ఉండేది. అందుకే ఎడారి మధ్య ఒంటరి ఇంటికి కూడా హోటల్ అని బోర్డు కనిపిస్తుంది. గదులు ఉన్నాయంటే వ్యాపారం వాటి మీదే నడిచిందని కాదు. చట్టం అడిగింది కాబట్టి కట్టారు. ‘ఆ కాలపు రాజసం’ అని ఎవరైనా అమ్మజూపితే ఈ ముక్క గుర్తు తెచ్చుకోండి. పశువులు తోలుకుంటూ వారాల తరబడి దుమ్ములో నడిచొచ్చినవాడు రాత్రికి ఒళ్లు వాల్చిన చోటు అది.

ఇక ప్రయాణం. అడిలైడ్ నుంచి మారీ ఊరికి దాదాపు ఏడు వందల కిలోమీటర్లు. అక్కడ మొదలవుతుంది బర్డ్స్‌విల్ ట్రాక్, 517 కిలోమీటర్ల మట్టి, కంకర దారి. మధ్యలో పెట్రోలు దొరికేది ముంగెరనీ హోటల్ దగ్గర ఒక్కచోటే. మారీ నుంచి 204 కిలోమీటర్లు, అది దాటాక మళ్లీ 313. కారు విషయంలో మాత్రం నేను తెలివిగానే ఉన్నాను. అద్దె కాగితంలో మట్టి రోడ్ల మీద ఇన్సూరెన్స్ చెల్లుతుందని రాయించుకున్నాను. ఒక టైరు పోయింది, స్పేర్ రెండు పెట్టుకున్నాం, సరిపోయింది.

మారీలో టీ కోసం ఆగాం. కారు దిగగానే మామయ్యగారు ఎదురుగా ఉన్న హోటల్ని చూసి, ఫోన్ తీసి ఫోటో చూసి, మళ్లీ పైకి చూసి, “బాబూ, మీరు చూపించిన ఫోటో ఇదే కదా?” అన్నారు. రెండంతస్తులు, రాతి గోడలు, పైన వరండా. నేను కారు తాళాలు తిప్పుకుంటూ, “కాదు మామయ్యగారూ, మనది ఇంకా ఐదు వందల కిలోమీటర్లు. ఆ రోజుల్లో అన్నీ ఇలాగే కట్టేవాళ్లు” అన్నాను. ఆ రోజుల్లో ఎలా కట్టేవాళ్లో నాకేం తెలుసు! మా ఆవిడ నన్ను ఒక చూపు చూసింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తలెత్తలేను.

అది మారీ హోటల్. 1883లో కట్టింది, అప్పుడు దాని పేరు గ్రేట్ నార్తర్న్. ఊరిని అప్పట్లో హెర్గాట్ స్ప్రింగ్స్ అనేవాళ్లు. జర్మన్ పేరని మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మార్చారు. 1884లో రైలు ఇక్కడికి వచ్చింది, దాంతో క్వీన్స్‌లాండ్ నుంచి తోలుకొచ్చిన పశువులు ఈ ట్రాక్ మీదుగా నడిచి ఇక్కడే రైలెక్కేవి. మామయ్యగారు పాత స్టేషన్ దగ్గర నిలిపిన డీజిల్ ఇంజన్ల చుట్టూ అరగంట తిరిగారు. 1957 నుంచి దక్షిణం వైపు స్టాండర్డ్ గేజ్, ఉత్తరం వైపు ఆలిస్ స్ప్రింగ్స్‌కి పాత న్యారో గేజ్, పట్టాల మధ్య వెడల్పు వేరు కాబట్టి ఇక్కడే సరుకంతా ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చాల్సి వచ్చేది. “అచ్చం మా గుంతకల్లులో మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ బాధే” అని మురిసిపోయారు. 1980లో ఆ న్యారో గేజ్ లైను మూసేశారు.

హోటల్ ప్రకటనల్లో ఎవరూ రాయనిది ఒకటుంది. ఈ ఊళ్లో పట్టాలకి ఒకవైపు తెల్లవాళ్లు ఉండేవారు, రెండోవైపు ఒంటెలు తోలే అఫ్ఘాన్లు, ఆదివాసులు. అఫ్ఘాన్లు అని ఒక్క మాటలో అనేశారు గానీ వాళ్లలో బలూచిస్తాన్, సింధ్, పంజాబ్‌ల నుంచి, అంటే అప్పటి అవిభక్త భారతదేశం నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బర్డ్స్‌విల్ హోటల్‌కి పిండి, చక్కెర, సీసాలు ఈ ట్రాక్ మీద చేరింది వాళ్ల ఒంటెల మీదే. మారీలో వాళ్లు కట్టుకున్న మసీదు ఆస్ట్రేలియాలో తొలి మసీదుల్లో ఒకటి. తర్వాత లారీలు వచ్చాయి. 1936 నుంచి రెండు దశాబ్దాలు ఈ దారిన టపా మోసిన టామ్ క్రూజ్ అన్నాయన ఇక్కడ పెద్ద పేరు. సినిమా హీరో కాదు, ఇసుకలో కూరుకుపోయిన లారీని ఇనుప రేకులు పరిచి బయటికి లాగిన మనిషి.

మర్నాడు సాయంత్రం బర్డ్స్‌విల్ చేరాం. హోటల్ ముందు ఆగి నేను మేడ కోసం వెతుకుతున్నాను. మేడ లేదు. ఒక్క అంతస్తే. ఇసుకరాతి గోడలు, రేకుల కప్పు, ముందు వసారా. అందంగానే ఉంది, కానీ మా ఫోటోలోది కాదు. లోపల బార్లో పైకప్పంతా టోపీలు వేలాడుతున్నాయి. కౌంటర్ దగ్గర అమ్మాయికి నా బుకింగ్ చూపించి హెరిటేజ్ గది ఏదంటే, అలాంటి పేరుతో మా దగ్గర గదే లేదు, మీ పేరు మీద మామూలు మోటెల్ గదులు రెండు ఉన్నాయి, వెనకవైపు, అంది. శుభ్రమైన గదులు, ఏసీ, వేణ్ణీళ్లు. వాటితో నాకే పేచీ లేదు, హోటల్‌తో అసలే లేదు. వాళ్లు అమ్మని సరుకు ఏజెంట్ అమ్మాడు.

ఆ రాత్రి నెట్‌లో క్వీన్స్‌లాండ్ హెరిటేజ్ రిజిస్టర్ (చారిత్రక కట్టడాల ప్రభుత్వ జాబితా) తెరిచాను. ఎవరైనా ఉచితంగా చదవచ్చు. ఈ పని డబ్బు కట్టకముందు చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. 1884 నాటి కట్టడమన్నది నిజమే, 1992లో రిజిస్టర్లో చేర్చిన మాటా నిజమే. కానీ 1979లో అగ్నిప్రమాదం జరిగి లోపలి భాగం చాలావరకు కాలిపోయింది. తర్వాత మళ్లీ కట్టుకున్నారు. పడుకునే గదులు ఇప్పుడు వెనక కొత్తగా వేసినవి. కాబట్టి ‘1884 గదిలో నిద్ర’ అన్నది ఎవరూ అమ్మగలిగిన వస్తువే కాదు. హెరిటేజ్ ముద్ర భవనానికి పడుతుంది, అందులో మీ మంచానికి కాదు.

అసలు ఇంత ఎడారిలో హోటల్ ఎందుకు వచ్చిందో తెలిస్తే ఊరు బాగా అర్థమవుతుంది. ఇది వాంకంగురు, యార్లుయాండి ప్రజల నేల. ఊరి మొదటి పేరు డయమంటినా క్రాసింగ్, నది దాటే రేవు. దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు ఇక్కడికి పదో పన్నెండో కిలోమీటర్లు. 1901లో ఫెడరేషన్, అంటే అన్నీ కలిసి ఒకే ఆస్ట్రేలియా, ఏర్పడకముందు క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియా వేరువేరు వలస రాజ్యాలు, సరిహద్దు దాటే సరుకుకీ పశువులకీ సుంకం కట్టాలి. మన చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగినట్టు ఇక్కడ మందలు ఆగేవి. మందలు ఆగితే మనుషులు ఆగుతారు, మనుషులకి దాహం వేస్తుంది. ఇంత చిన్న ఊళ్లో మూడు హోటళ్లు నడిచాయంటే కారణం అదే. ఫెడరేషన్‌తో సుంకం పోయింది, ఊరు చిక్కిపోయింది, చివరికి మిగిలింది ఈ ఒక్కటి. వేసవి గురించి చెప్పనక్కర్లేదు, 1972 డిసెంబర్ 24న ఇక్కడ 49.5 డిగ్రీలు నమోదైంది. మన రెంటచింతల కూడా దండం పెట్టాల్సిందే.

ఆ మూడింట్లో ఒకటైన రాయల్ హోటల్ శిథిలాలు అదే ఊళ్లో ఉన్నాయి. నిజంగా 1880ల నాటి గోడలు చూడాలంటే అక్కడికి నడిచి వెళ్లండి, పైసా ఖర్చు లేదు. మందు అమ్మిన ఆ ఇంట్లోనే 1923లో ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్ అనే చర్చి సేవాసంస్థ ఆసుపత్రి పెట్టింది. నర్సులు అక్కడే ఉండి కాన్పులు చేశారు, గాయాలు కుట్టారు. నాకు ఆ మొండిగోడల దగ్గర గడిపిన గంటే మొత్తం ట్రిప్పులో బాగా నచ్చింది. 540 డాలర్లు మండుతున్నా సరే.

అక్కడే మామయ్యగారు మెల్లగా అడిగారు. “బాబూ, ఈ ఊరికి రైలు ఎప్పుడైనా వచ్చిందా?” రాలేదు, బర్డ్స్‌విల్‌కి రైలే లేదు. “మరి ఫోటోలో పట్టాలున్నాయి కదా?” ఆయన మారీలోనే కనిపెట్టేశారు. అల్లుణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఐదు వందల కిలోమీటర్లు నోరు మెదపలేదు, అంతే.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, “ఫోటో జస్ట్ రిప్రజెంటేషన్ కోసం సార్, హెరిటేజ్ ఏరియాలోనే ఉన్నారు కదా” అన్నాడు. తర్వాత నంబర్ బ్లాక్. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడిగేవాణ్ణి. పేఐడీలో పంపిన డబ్బుకి ఆ దారి లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటన ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం నేరమే కాబట్టి, దక్షిణ ఆస్ట్రేలియాలో వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ విభాగం కన్స్యూమర్ అండ్ బిజినెస్ సర్వీసెస్‌కి ఫిర్యాదు పెట్టాను. ప్రకటన స్క్రీన్‌షాట్ మా మరదలి ఫోన్లో దొరకడం నా అదృష్టం, గ్రూపులో అతను దాన్ని తీసేశాడు.

మీరు ఇలాంటిది కొనే ముందు ఏజెంట్‌ని ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: నేను పడుకునే గది ఏ సంవత్సరంలో కట్టింది? జవాబు తిన్నగా రాకపోతే వదిలేయండి. అడిగాక నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి ఆ పేరుతో గది ఉందో లేదో కనుక్కోండి, ధర కూడా అక్కడే తెలుస్తుంది. వాన పడి ట్రాక్ మూసేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది కూడా చూసుకోండి. డయమంటినా నది పొంగితే ఊరు రోజుల తరబడి దీవి అయిపోతుంది. సెప్టెంబర్ గుర్రప్పందాల సమయంలో ‘గది గ్యారంటీ’ అన్నవాణ్ణి మరీ నమ్మకండి. ఆ కొద్ది రోజులు వేలమంది వస్తారు, ఎక్కువమంది గుడారాల్లోనే.

నిన్న అదే మనిషి వేరే నంబర్‌తో ఇంకో గ్రూపులో తేలాడు. ఈసారి వేరే ఊరు, వేరే హోటల్ పేరు, ఫోటో మాత్రం అదే. మామయ్యగారికి ఫార్వర్డ్ చేశాను. గుంతకల్లు నుంచి ఒక్క లైను వచ్చింది: “పట్టాలైనా కత్తిరించమనండి బాబూ.”