నౌరోజీ దారా, భవనగ్రీ దారా?

వలస పాలనలో భారతీయుల గోడు బ్రిటిష్ పార్లమెంటుకు వినిపించాలంటే ఏ పార్టీ మేలు? ఇద్దరు పార్సీలు చెరో దారి పట్టారు.

ఖర్చు: ఇద్దరికీ భారమే. 1911 దాకా ఎంపీలకు జీతం లేదు.

శ్రమ: లిబరల్ పార్టీకి చెందిన దాదాభాయి నౌరోజీ 1886లో ఓడారు. 1888లో ప్రధాని సాలిస్‌బరీ ఆయన్ని ‘నల్లవాడు’ అన్నాడు. 1892లో లండన్‌లోని ఫిన్స్‌బరీలో గెలిచింది కేవలం 5 ఓట్లతో! కన్జర్వేటివ్ పార్టీకి చెందిన మంచెర్జీ భవనగ్రీ 1895లో లండన్‌లోనే బెత్నల్ గ్రీన్‌లో గెలిచారు.

నిలకడ: నౌరోజీ 3 ఏళ్లు, భవనగ్రీ 1906 వరకు.

రిస్క్: భవనగ్రీపై కాంగ్రెస్‌వాళ్లకు గుర్రు.

దక్షిణాఫ్రికా భారతీయుల కష్టాల్లాంటి ఒక్క సమస్యపై మంత్రులను కదిలించాలంటే అధికార పార్టీలోని భవనగ్రీ దారి నయం. దేశ సంపద బ్రిటన్‌కు తరలిపోవడాన్నే నిలదీయాలంటే నౌరోజీ దారే. నా ఓటు దానికే.