మోర్గాన్, పోయాక్: ఏ వైన్ పక్కన ఏ వంటకం

రెండూ ఫ్రెంచ్ రెడ్ వైన్లే. తేడా అంతా వగరులోనే ఉంది.

మోర్గాన్ బోజొలే ప్రాంతపు 10 క్రూలలో (తమ పేరుతోనే వైన్ అమ్మే మేలైన ఊళ్లు) ఒకటి, గమే ద్రాక్షతో చేస్తారు. చాలామంది గుత్తుల్ని చిదపకుండానే తొట్టిలో వేసి పులియబెడతారు. అందుకే తొక్కల వగరు తక్కువ దిగి, పండు వాసన, పులుపు పైకి తేలతాయి. లియోన్ సాసేజ్, కాల్చిన కోడి దీనికి సరిజోడు. 13–14 డిగ్రీల చల్లదనంలో పోయాలి; వేడెక్కితే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది.

పోయాక్ బోర్డో ప్రాంతపు వైన్, అందులోని మెడోక్ భాగానిది. ప్రధానంగా కాబెర్నె సోవిన్యోన్ ద్రాక్షతో చేస్తారు. లేత సీసా (ఇంకా ఏళ్లు నిల్వ ఉండనిది) ఒట్టిగా తాగితే పచ్చి జామకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. అదే వేయించిన గొర్రెపిల్ల తొడ మాంసంతో తాగండి: మాంసంలోని ప్రొటీన్, కొవ్వు వగరును పట్టుకుంటాయి, వైన్ మెత్తబడుతుంది. పోయాక్ ఊరి పాలగొర్రెపిల్లకూ పేరుంది, ఈ జోడీ అక్కడిదే. 16–18 డిగ్రీలు చాలు. లేతదైతే గంటా రెండు గంటల ముందే డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచాలి. పాతదైతే ముందురోజు సీసాను నిలబెట్టి, మడ్డి దిగాక, తాగేముందే నెమ్మదిగా వంచాలి. ఎక్కువసేపు గాలి తగిలితే ఆ సున్నితమైన వాసన పోతుంది.

చేపతో పోయాక్ వద్దు, నోట్లో ఇనుము రుచి వస్తుంది. మన గుంటూరు కారం పడ్డ కూరతోనూ అంతే: వగరు, ఆల్కహాల్ కలిసి మంటను రెట్టిస్తాయి. తప్పదంటే చల్లటి మోర్గానే నయం.