బ్రీమ్ అనే చేప కోసం ఏడేళ్లు లూర్లు వాడాక పెట్టెలో మిగిలినవి

నా దగ్గర లూర్లు, అంటే గాలానికి కట్టే ఉత్తుత్తి ఎరలు, నూట ఇరవై పైనే ఉన్నాయి. వాటిలో క్రమం తప్పకుండా నీళ్లలో పడేవి నాలుగు రకాలు. మిగతావి కొన్న రోజు ఎంత ముద్దొచ్చాయో ఇప్పుడూ అంతే ముద్దుగా ఉన్నాయి, ఒంటి మీద ఒక్క గీత పడలేదు. ఈ సమీక్ష ఆ నాలుగు రకాల గురించి, వాటి వెనకాల వాడే సామాను గురించి.

నేను తిరిగేది ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలో. ఎక్కువగా బేట్‌మన్స్ బే దగ్గర సముద్రంలో కలిసే క్లైడ్ నది. అప్పుడప్పుడు ఇంకా దక్షిణానికి పోయి ట్యూరస్ లేక్, నరూమా దగ్గరి వాగొంగా ఇన్‌లెట్. అన్నీ ఉప్పుటేర్ల లాంటివే. పోటుకి సముద్రం లోపలికి ఎక్కుతుంది, పాటుకి దిగిపోతుంది. దొరికేది ఎక్కువగా ఎల్లోఫిన్ బ్రీమ్. పైకి, మంచినీటి వైపు వెళ్లేకొద్దీ బ్లాక్ బ్రీమ్ కూడా తగులుతుంది. ఈ రెండూ కలిసిన సంకరం చేపలు కూడా ఈ తీరంలో ఉన్నాయి, కాబట్టి చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోలేక నేను చాలాసార్లు బుర్ర గోక్కున్నాను.

మొదటి రెండేళ్లు నేను లూర్లని రంగు చూసి కొన్నాను, ఆకారం చూసి కొన్నాను, డబ్బా మీద బొమ్మ చూసి కూడా కొన్నాను. మూడో ఏడు నుంచి ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను: నేను చేతులు ఆపేసి ఊరుకుంటే ఇది నీళ్లలో ఏం చేస్తుంది? ఎందుకంటే నాకు పడిన బ్రీమ్‌లలో ఎక్కువ భాగం లూర్‌ని లాగుతున్నప్పుడు పట్టుకున్నవి కావు. అది దిగుతున్నప్పుడో, ఆగినప్పుడో పట్టుకున్నవి. బ్రీమ్ వెంటనే మీద పడిపోయే చేప కాదు. వెనకాలే వస్తుంది, ఆగుతుంది, చూస్తుంది. మనకి తొందర ఎక్కువైతే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది.

సాఫ్ట్ ప్లాస్టిక్‌తో, అంటే మెత్తటి ప్లాస్టిక్ ఎరతో మొదలుపెడతాను, నా చేపల్లో ముప్పావు వంతు దీనివే. రెండున్నర అంగుళాల సన్న తోక రకం. రంగుల్లో మూడే ఉంచుకున్నాను: మట్టి రంగు, లేత ఆకుపచ్చ, నీళ్లు బురదగా ఉన్నప్పటికి ముదురు ఊదా. ఆ మూడింటి మధ్య కూడా చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. తేడా అంతా జిగ్‌హెడ్‌లో, అంటే ఆ ప్లాస్టిక్‌ని గుచ్చే బరువు తల ఉన్న హుక్‌లో ఉంది. 1/24 ఔన్సు అంటే సుమారు 1.2 గ్రాములు. దీన్ని మీటరున్నర నీళ్లలోకి విసిరి వదిలేస్తే అడుగుకి చేరేలోపు నింపాదిగా ఆరు లెక్కపెట్టొచ్చు. అదే చోట 1/8 ఔన్సు, అంటే మూడున్నర గ్రాములు వేస్తే చూసేలోపే మట్టిలో ఉంటుంది. ప్లాస్టిక్ అదే, రంగు అదే, చోటు కూడా అదే. మొదటిదానికి చేప వస్తుంది, రెండోదానికి రాదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు, కొన్ని వందల డాలర్లు పట్టాయి.

అయితే తేలిక బరువుతో కష్టాలూ ఉన్నాయి. గాలి వీస్తే దారం విల్లులా వంగిపోతుంది, లూర్ ఎక్కడుందో చేతికి తెలియదు. అప్పుడు 1/16కి వెళ్తాను. ఇంకా గాలి పెరిగితే 1/12. అంతకు మించి బరువు వెయ్యాల్సి వస్తే ఇంటికెళ్లి టీ తాగడం మంచిదని నా అభిప్రాయం.

చేప పట్టుకున్నది చేతికి తెలిసేది తక్కువ, కంటికి తెలిసేది ఎక్కువ. దారం నీళ్లని తాకే చోటు చూస్తూ ఉండాలి. లూర్ దిగుతుంటే దారం నిదానంగా లోపలికి పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి అది ఓ అంగుళం పక్కకి జరుగుతుంది, లేదా దిగాల్సింది ఆగిపోతుంది. అదే చేప. గాలం కర్ర మొన ఎత్తితే చాలు, బలంగా గుంజక్కర్లేదు. పసుపు రంగు అల్లిక దారం నేను వాడేది ఇందుకే. చేపకి కనబడుతుందేమో అనే భయం అక్కర్లేదు, చివర్లో రెండు మీటర్లకు పైగా లీడర్, అంటే లూర్‌కి కట్టే రంగులేని ఫ్లోరోకార్బన్ దారం ఉంటుంది.

ఆ లీడర్ గురించి ఒక పొద్దుటి సంగతి చెప్పాలి. క్లైడ్ ఆయిస్టర్లకి, అంటే తినే ఆల్చిప్పలకి పేరున్న నది, ఒడ్డు పొడుగునా వాటిని పెంచే ర్యాకులు ఉంటాయి. మార్చి నెల, తెల్లారి గంటయింది, పాటు మొదలై నీళ్లు దిగుతున్నాయి. కయాక్‌లో కూర్చుని రెండు వరసల మధ్య సందులోకి ప్లాస్టిక్ వేశాను. మూడు లెక్కపెట్టేలోపు దారం పక్కకి జరిగింది. కర్ర ఎత్తాను. అంతే, చేప నేరుగా ర్యాకు కిందికి దూరింది. చిప్పల మీద దారం గీసుకునే గరగర ఒక్క క్షణం కర్రలోంచి చేతికి తెలిసింది, తర్వాత అంతా వదులు. ఆ పొద్దున అలా ఐదు పోయాయి. నాలుగు పౌన్ల లీడర్‌తో, అంటే అంత బరువు మాత్రమే ఆపే దారంతో వెళ్లడం నా తెలివితక్కువ. మధ్యాహ్నం ఎనిమిది పౌన్లు కట్టుకొచ్చాను. పట్టుకునేవి సగానికి సగం తగ్గాయి, కానీ పట్టుకున్నవి ఒడ్డెక్కాయి. అప్పట్నుంచి నా లెక్క ఇది: ర్యాకుల దగ్గర ఎనిమిది, మడ చెట్ల దగ్గర ఆరు, ఖాళీ ఇసుక మీద నాలుగు. ఇంకో మాట. ర్యాకులు ఎవరో ఒకరి జీవనాధారం. వాటికి పడవ కట్టకూడదు, హుక్ తగులుకుంటే గుంజి పాడు చెయ్యకూడదు. రైతు పడవ వస్తే మనమే పక్కకి తప్పుకోవాలి.

రెండోది బ్లేడ్. బొటనవేలంత రేకు ముక్క, కింద బరువు, రెండు చిన్న హుక్‌లు. ఎత్తితే గజగజ వణుకుతుంది, ఆ వణుకు కర్ర మొన దాకా వస్తుంది. చలికాలంలో ఎల్లోఫిన్ బ్రీమ్ గుడ్లు పెట్టడానికి నది మొగ వైపు దిగుతుంది, లోతు నీళ్లలో గుంపు కడుతుంది. జూన్, జులైల్లో ఐదారు మీటర్ల లోతుకి తేలిక జిగ్‌హెడ్ దించాలంటే ఓపిక చచ్చిపోతుంది, అక్కడ దీని పని. వంతెన స్తంభాల దగ్గర కూడా ఇదే. బేట్‌మన్స్ బేలో 1956 నాటి పాత వంతెన నాకు అచ్చొచ్చిన చోటు. 2021లో కొత్తది తెరిచి పాతదాన్ని తీసేశాక నా గుర్తులన్నీ పోయాయి, మళ్లీ మొదట్నుంచి వెతుక్కున్నాను. పెద్ద వానల తర్వాత కూడా బ్లేడే. మంచినీరు పైన పరుచుకుని ఉప్పునీరు అడుగున ఉంటుంది, చేప అడుక్కి పోతుంది. దీని లోపం కూడా చెప్పాలి: రాళ్ల మీద, కొయ్యల మీద వేస్తే తిరిగి రాదు. నేను ఏడాదికి ఆరేడు పోగొట్టుకుంటాను.

మూడోది హార్డ్ బాడీ, అంటే నాలుగు సెంటీమీటర్ల గట్టి బొమ్మ చేప. నేను ఉంచుకున్నది ఆపితే తేలకుండా, మునగకుండా ఉన్నచోటే నిలబడే రకం. దారం చుట్టే రీల్‌ని రెండు తిప్పులు తిప్పి, ఐదు లెక్కపెట్టేదాకా ఊరుకోవాలి. నాకు పడిన అతి పెద్ద బ్రీమ్, 41 సెం.మీ., ఆ ఐదు లెక్కలో నాలుగో అంకె దగ్గర పడింది. కానీ ఒక్కోటి ఇరవై, పాతిక డాలర్లు. దానితో వచ్చే హుక్‌లు మరీ పల్చన. బ్రీమ్ దవడ చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: ముందు మేకుల్లాంటి పళ్లు, లోపల రెండు వైపులా చిప్పలు నలగ్గొట్టే గుండ్రటి దంతాలు. ఒకసారి మూడు కొక్కేల హుక్ ఇస్త్రీ చేసినట్టు నలిగి చేతికొచ్చింది. ఇప్పుడు కొనగానే హుక్‌లు మార్చేస్తాను. అంటే పాతిక డాలర్ల లూర్ ముప్ఫై అవుతుంది.

నాలుగోది నీటి మీద తేలేది. చేపల లెక్కలో ఇది అన్నిటికంటే కింద, సంతోషం లెక్కలో అన్నిటికంటే పైన. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మోకాలి లోతు నీళ్లు, మడ చెట్ల నీడ. లూర్ పడ్డాక అలలు చదునయ్యేదాకా ముట్టుకోకూడదు. వెనకాల నీటి మీద ఉబ్బు ఒకటి బయల్దేరుతుంది, దగ్గరికొచ్చి ఆగుతుంది. ఇక్కడే టెన్షన్. చెయ్యి కదిపితే కొన్నిసార్లు పోతుంది, కదపకపోతే చిన్న ముద్దు చప్పుడుతో లూర్ మాయమవుతుంది. ఇసుక మేటల మీద వైటింగ్ అనే చేప కోసం వేస్తే దీనికి పూర్తిగా ఎదురు: ఆపితే అది వదిలేస్తుంది, ఆపకుండా లాగుతూనే ఉండాలి. రెండూ ఒకే మేట మీద ఉన్నరోజు నా చేతికి ఏం చెయ్యాలో తెలియదు.

వాసన పూతల గురించి నన్ను చాలామంది అడుగుతారు. వెల్లుల్లి, రొయ్య, అన్నీ పూశాను. చేప సంగతేమో గాని కారు మాత్రం నెల రోజులు కంపు కొట్టింది. ఇప్పుడు పూయడం లేదు.

దాచుకోవడంలో రెండు దెబ్బలు తిన్నాను. ఒకటి, రబ్బరులా సాగే గట్టి రకం ప్లాస్టిక్‌ని మామూలు ప్లాస్టిక్‌తో ఒకే అరలో పెట్టాను. వేసవిలో కారు డిక్కీలో వారం ఉంచి తెరిస్తే రెండూ కరిగి, ముదిరిన బెల్లం పాకంలా, గీకినా రాని ముద్ద. సాగే రకం చాలా మన్నికైనది, ప్లాస్టిక్‌ని కొరికి తోక మింగే టోడ్‌ఫిష్, టేలర్ అనే చేపలకి అదొక్కటే కాస్త తట్టుకుంటుంది. కానీ దాన్ని దాని సంచిలోనే ఉంచాలి. రెండోది, తడి జిగ్‌హెడ్ ఒక్కటి పెట్టెలో వేసి మూత పెట్టాను. రెండు వారాలకి ఆ ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న ముప్ఫైకి తుప్పు. ఇప్పుడు వాడినవి విడిగా చిన్న డబ్బాలో వేసి, ఇంటికెళ్లాక మంచినీళ్లలో కడిగి, ఆరాకే లోపల పెడతాను.

కర్ర ఏడడుగులది, ఒకటి నుంచి మూడు కిలోల బరువు ఆపే దారానికి సరిపోయే రకం, మొదటి రోజు కొన్నదే ఇప్పటికీ. రీల్ మాత్రం మూడోది. మొదటి రెండూ ఉప్పునీటికి కాదు, నా బద్ధకానికి పోయాయి. అప్పట్లో వచ్చాక కడిగేవాణ్ణి కాదు.

రూల్స్ ఇక్కడ సరదా విషయం కాదు. న్యూ సౌత్ వేల్స్‌లో గాలం వెయ్యాలంటే ఏడాదికి 35 డాలర్ల ఫీజు కట్టాలి. బ్రీమ్ 25 సెం.మీ. లోపుది ఉంచుకోకూడదు, మనిషికి రోజుకి పదికి మించకూడదు. నేను అంత కూడా ఉంచుకోను. ఇది చాలా నెమ్మదిగా పెరిగే చేప, పాతిక సెంటీమీటర్లకే ఏళ్లు పడతాయి. మధ్య సైజువి రెండు చాలు మా ఇంటికి. ముప్ఫై ఐదు దాటినవి కొలిచి, తడి చేత్తో పట్టుకుని వదిలేస్తాను. వీపు ముళ్లు మాత్రం జాగ్రత్త, తల వైపు నుంచి వెనక్కి నిమిరి పట్టుకుంటేనే పడుకుంటాయి.

ఇక ప్రతి చేప తర్వాతా లీడర్ చివరి అడుగుని గోటితో ఒకసారి లాగి చూస్తాను. గరుకు తగిలితే తెంపి మళ్లీ కట్టాలి, చలిలో వేళ్లు కొంకర్లు పోయినా సరే. మొన్న జులైలో ఈ పని ఒక్కసారి బద్ధకించాను. ఆ చేప ఎంతుందో నాకిప్పటికీ తెలియదు.