సర్టిఫైడ్ సెకండ్ హ్యాండ్ కారు వారంటీ: మూడేళ్లు వాడాక, మన డెల్టా రోడ్ల లెక్కలో

నాది సర్టిఫైడ్ బండి, అంటే అమ్మేవాళ్లే చెక్ చేసి, సర్టిఫికెట్, వారంటీ ఇచ్చి అమ్మే సెకండ్ హ్యాండ్ కారు. చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు. వారంటీతో ఏడాది, అది లేకుండా రెండేళ్లు. తిరిగింది అమలాపురం, రాజోలు, భీమవరం వైపు. ముందే తేల్చి చెప్పేస్తే, ఇలాంటి బండికి వారంటీ కోసం విడిగా డబ్బు కట్టక్కర్లేదండి. ఆటోమేటిక్, టర్బో పెట్రోల్, డీజిల్ అయితే మాత్రం కట్టండి.

వారంటీలో గట్టిగా వచ్చేవి ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్సు. మన దగ్గర ముందు పోయేవి అవి కావు. కాలవగట్టు రోడ్ల గతుకులకి సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఆ తర్వాత షాక్ అబ్జార్బర్లు పోతాయి. ఇవన్నీ అరుగుదల సామాన్ల జాబితాలో ఉంటాయి. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, రబ్బరు గొట్టాలూ అందులోవే. జాబితాలో ఉన్నదానికి పైసా రాదు.

ఏసీ సంగతి ఇంకో రకం. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందు ఉంటుంది, పల్చటి అల్యూమినియం. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి, రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారే నీళ్లకి సూదిబెజ్జాలు పడి గ్యాస్ పోతుంది. కవరేజీలో ఏసీ పేరు పెద్దక్షరాల్లో ఉన్నా, తుప్పు వల్ల జరిగిన నష్టం మినహాయింపు అని కింద చిన్నక్షరాల్లో ఉంటే క్లెయిమ్ ఆగిపోతుంది. ఏటా వేసవికి గ్యాస్ నింపించుకోవడం దండగ; రంగు ద్రావకం ఎక్కించి లీకు ఎక్కడో పట్టించండి.

అసలు భయపడాల్సింది నీళ్లకి. మునిగిన కాజ్‌వే మీద బండి పోనిస్తే ఎయిర్ ఫిల్టర్ గొట్టం గుండా నీరు సిలిండర్లోకి దిగుతుంది. గాలి నొక్కుకుంటుంది గానీ నీరు నొక్కుకోదు, దాంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొడితే నష్టం రెట్టింపు. పోయింది ఇంజినే అయినా వారంటీ దీన్ని కాయదు, మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ కూడా కాయదు. ఇన్సూరెన్స్ పాలసీలో విడిగా కట్టి కలుపుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. వారంటీకి పెట్టే డబ్బు దీనికి పెడితే మనకి నయం. బండి మరీ పాతదైతే కొన్ని కంపెనీలు ఇది ఇవ్వవు, కొనకముందే అడిగి చూసుకోండి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతకుముందు రిజిస్టరై, లంక ఊళ్ల చుట్టుపక్కల తిరిగిన బండి అయితే సర్టిఫికెట్ పక్కన పెట్టి మీరే చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగితే ఆఖరి జానెడులో బురద గీత కనపడుతుంది. పైన ఎంత కడిగినా అక్కడికి చెయ్యి పోదు. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, ఫ్యూజు బాక్సు పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా చూడండి. కార్పెట్ కొత్తగా మెరిసిపోతుంటే మరీ అనుమానించాలి.

వందల పాయింట్ల చెక్ అని గొప్పగా చెప్తారు. అందులో వైపర్ ఆడుతోందా, హారన్ మోగుతోందా లాంటివే బోలెడు. మీరు అడగాల్సింది మూడే: ప్రతి సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) రీడింగు, స్కానర్లో వచ్చిన ఎర్రర్ కోడ్‌ల ప్రింటు, పెయింటు మందం. కంపెనీ పెయింటు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటిందంటే కింద పుట్టీ ఉన్నట్టే.

డీజిల్‌కి కట్టమన్నది ఇంజెక్టర్లు, టర్బో ఖరీదు చూసి. అవి వారంటీ కవరేజీలో పేరు పెట్టి రాసి ఉంటేనే సుమా. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్‌తో ఇంకో తంటా ఉంది. ఊళ్లో రెండేసి కిలోమీటర్లే తిరిగితే పొగగొట్టంలో మసిని ఆపే ఫిల్టరు, అదే డీపీఎఫ్, మసి పట్టి మూసుకుపోతుంది. అది వాడకం తప్పు అంటారు, క్లెయిమ్ రాదు. వారానికోసారి రావులపాలెం నుంచి తణుకు దాకా హైవే మీద ఒకే వేగంతో పోనిస్తే ఆ మసి కాలిపోతుంది.

క్లెయిమ్ చెడగొట్టుకునేది ఎక్కువగా మనమే. ఇంజిన్లో శబ్దం రాగానే తెలిసిన మెకానిక్‌తో విప్పిస్తే కథ ముగిసినట్టే. ముందు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. ఒక్క సర్వీసు గడువు దాటినా, బయట గ్యాస్ కిట్ బిగించినా, హెడ్‌లైట్ల వైరింగు కోసినా కొర్రీ వేస్తారు. వాళ్లు ఒప్పుకునే వర్క్‌షాపు రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంటే, అక్కడిదాకా బండి లాగించే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

ధర తక్కువని యానాం బండి, అంటే పుదుచ్చేరి కిందకి వచ్చే పీవై 04 నంబరుది, చూపిస్తే సర్టిఫైడ్ అయినా లైఫ్ ట్యాక్స్ లెక్క విడిగా వేసుకోవాలి. ఆంధ్రాలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే.

వారంటీ తీసుకున్నవాళ్లు గడువుకి నెల ముందు బండిని ర్యాంపు ఎక్కించండి. గేర్‌బాక్సు సీలు దగ్గర ఆయిల్ చెమ్మ, పొద్దున్నే మొదటి స్టార్టుకి టైమింగ్ చైన్ గలగల ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ రోజే జాబ్ కార్డు మీద రాయించండి. తేదీ, కిలోమీటర్లు, వీటిలో ఏది ముందొస్తే వారంటీ దానితోనే ముగుస్తుంది. ఎక్కువ తిరిగే బండికి ఏడాది వారంటీ కాస్తా తొమ్మిది నెలలకే అయిపోవచ్చు.