నెల ఖర్చు దేనికి పెట్టడం మేలు: టానిక్కు సీసాకా, పొగ లేని వంటకా, కంటినిండా నిద్రకా?

వానలు పడి పిల్లలకు జలుబు, దగ్గు, జ్వరం వరుస కట్టగానే మన శ్రీకాకుళం జిల్లాలో చాలా ఇళ్లలో ముందుగా కొనేది ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని రాసి ఉన్న టానిక్కు సీసా, లేదంటే విటమిన్ మాత్రల డబ్బా. అదే ఇంట్లో తెల్లవారుజామున కొబ్బరి డొక్కలు రాజేసిన పొయ్యి ముందు నాన్నమ్మ ఒడిలో పసిబిడ్డ చలి కాగుతూ ఉంటుంది. ఒంటికి కొత్తగా బలం కొనితేవడమా, ఉన్న బలాన్ని రోజూ తోడేస్తున్నవాటిని ఆపడమా అని అడిగితే రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం. ఆ రెండోదానిలో పొగను ముందు ఆపాలా, నిద్రను ముందు సరిచేసుకోవాలా అన్నది మాత్రం ఇంటిని బట్టి మారుతుంది.

టానిక్కుల సంగతి త్వరగానే తేలిపోతుంది. విటమిన్ సి మీద జరిగిన అనేక పరీక్షలను కలిపి చూసిన కొక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష ప్రకారం, రోజూ దాన్ని మింగినా మామూలు మనుషులకు జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు కాలం పెద్దవారిలో సుమారు 8 శాతం మాత్రమే తగ్గింది. రక్తహీనతకు వైద్యులు ఇచ్చే ఐరన్ మాత్రల వంటివి వేరు, అవి మానకూడదు. తిండి విషయమూ వేరే. ఇంట్లో ఒకరికి క్షయ ఉన్నప్పుడు మిగతావారికి అదనపు తిండి అందిస్తే వారికి ఆ జబ్బు సోకడం 39 శాతం తగ్గిందని జార్ఖండ్‌లో జరిగిన అధ్యయనం 2023లో చూపింది. కనుక అంత డబ్బే ఉంటే సీసా కంటే గుడ్లు, పప్పులు, చోడి (రాగి) అంబలి ఎన్నో రెట్లు మేలు. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వైపువారికి ఒక హెచ్చరిక కూడా అవసరం: మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి విటమిన్ సి మోతాదు పెరిగితే ఆక్సలేట్ అనే లవణం వాటిలో పేరుకుని మరింత హాని జరగవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల్లో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా, వైద్యుణ్ణి అడగకుండా ఏ బలం మందూ మొదలుపెట్టకూడదు.

ఇక పొగ. మన శ్వాసనాళాల లోపలి గోడల మీద సన్నని నూగు వంటి తంతువులు ఉంటాయి. పీల్చిన దుమ్మును, క్రిములను కఫంతో సహా పైకి నెట్టడం వాటి పని. కట్టెల పొగ ఆ తంతువులను మందగింపజేస్తుంది, ఊపిరితిత్తుల్లో క్రిములను మింగేసే రక్షక కణాలనూ బలహీనపరుస్తుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా మరణాల్లో దాదాపు సగానికి ఇంట్లోని వంటపొగే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పలాస చుట్టుపక్కల జీడిపిక్కల తొక్కు పొయ్యిలో వేసే ఇళ్లలో ఆ తొక్కులోని నూనె వల్ల పొగ మరింత ఘాటుగా ఉంటుంది. అక్కడ నిలబడితే క్షణాల్లో కళ్లు మండుతాయి, పొయ్యి ముందున్న బిడ్డ మాత్రం పక్కకు జరగలేదు.

అయితే పొయ్యి మార్చగానే అంతా బాగుపడుతుందని చెప్పడం నిజాయితీ కాదు. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో గర్భిణుల ఇళ్లకు గ్యాస్ ఇచ్చి చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. పిల్లలు పీల్చే సూక్ష్మధూళి దాదాపు మూడింట రెండు వంతులు తగ్గినా, ఏడాదిలోపు బిడ్డల్లో తీవ్రమైన న్యుమోనియా చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నేను దీన్ని గ్యాస్ వద్దనడానికి కారణంగా తీసుకోను. పొగ తగ్గించడంతో పాటు టీకాలు, తల్లిపాలు, తిండి కూడా సరిగా ఉండాలని గ్రహిస్తాను. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితమే.

ఏడాదికి మూడు గ్యాస్ బండలు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకం 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలైంది. నలుగురున్న ఇంట్లో వంటంతా గ్యాస్ మీదే చేస్తే ఒక బండ నెలన్నరకు మించి రావడం కష్టం కాబట్టి మూడు చాలవు. అందుకే చాలా ఇళ్లలో బండను టీకి, పాలు కాచడానికి దాచుకుని, అన్నం, కూర కట్టెల మీదే వండుతారు. టానిక్కుకు పెట్టే డబ్బు నాలుగో బండకు చేరడం మేలని నేను అనేది ఇందుకే. అదీ వీలుకాకపోతే స్నానాల నీళ్లు పెరట్లో కాచుకుని, రెండు పూటల వంట మాత్రం గ్యాస్ మీద చేసుకుంటే మిగిలే పొగ ఇంటి బయట ఉంటుంది. అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) కాల్చే ముసలమ్మలు ఉన్న ఇంట్లో ఆ చుట్ట కూడా బయటికి పోవాలి. అంగిలి క్యాన్సర్ ప్రమాదం ఎలాగూ ఉంది, పొగాకు క్షయ ముప్పునూ పెంచుతుంది.

నిద్ర ఖర్చు లేనిదే గాని అందరికీ చేతిలో ఉండేది కాదు. అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసినప్పుడు, ఏడు గంటలకు మించి నిద్రపోయేవారి కంటే ఆరు గంటలలోపు నిద్రపోయేవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉందని 2015లో ప్రచురించారు. అంతకుముందు 2002లో వెలువడిన మరో పరిశీలనలో, నాలుగు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి ఫ్లూ టీకా వేస్తే, పది రోజుల తర్వాత వారిలో యాంటీబాడీలు మిగతావారిలో సగం కూడా లేవు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి వచ్చి, రెండు ముద్దలు తిని పొలానికి వెళ్లే కుర్రవాడికి ఇది నేరుగా వర్తిస్తుంది. అతని గదికి ముదురు రంగు కర్టెను కట్టి, మధ్యాహ్నం దాకా ఎవరూ లేపకుండా చూడడం ఏ మాత్రకన్నా మేలు.

కాబట్టి అయిదేళ్లలోపు బిడ్డ గాని, దగ్గు ఆయాసం ఉన్న పెద్దలు గాని ఉన్న ఇంట్లో ముందుగా వంటపొగ ఆపాలి. పిల్లలు పెద్దవారై, వంట ఇప్పటికే గ్యాస్ మీద ఉండి, సంపాదించేవారు రాత్రి డ్యూటీలు చేస్తున్న ఇంట్లో నిద్రదే మొదటి స్థానం. క్షయ ఉన్న ఇంట్లో ఈ రెండింటికన్నా ముందు తిండి చూడాలి. చికిత్సలో ఉన్నవారికి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే మొత్తం 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1000కి పెరిగింది. ఖాతాలో పడుతున్నదో లేదో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోవచ్చు.