యుద్ధం–ఆయుధం కిరాయి పెట్టె: కాలేజీ డిబేట్లకు పనికొస్తుందా?

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక పాత పుస్తకాల దుకాణం కాలేజీ పిల్లల కోసం పుస్తకాల పెట్టెలు కిరాయికి ఇస్తోంది. ఈసారి మా చేతికొచ్చింది ‘యుద్ధం–ఆయుధం’ పెట్టె. రేకు ట్రంకులో 14 పుస్తకాలు, మూత లోపల అంటించిన జాబితా. పదిహేను రోజులకు 300 రూపాయలు, డిపాజిట్ 1,500. వక్తృత్వ పోటీకి, క్లాసులో వాదానికి సిద్ధమయ్యేవాళ్లకని చెప్పి ఇస్తున్నారు.

పుస్తకాల ఎంపికకు పదికి ఏడు వేయొచ్చు. సర్దిన తీరుకు మాత్రం మూడు కూడా ఎక్కువే.

ఎందుకంటే, దుకాణం వాళ్లు పుస్తకాలను రెండు కట్టలు కట్టారు. ఎర్ర దారం కట్ట ‘వీరం’, తెల్ల దారం కట్ట ‘శాంతి’. యుద్ధానికి అనుకూలంగా మాట్లాడే పిల్ల ఎర్ర కట్ట పట్టుకుపోతుంది, వ్యతిరేకంగా మాట్లాడే పిల్లవాడు తెల్ల కట్ట. ఇద్దరూ సగం పెట్టె కూడా చూడరు. పేరు చూసి కట్టిన కట్టలివి, లోపలి పేజీలు తిప్పి కట్టినవి కావు.

తిక్కన భారతమే తీసుకోండి. ఉద్యోగ, ద్రోణ, స్త్రీ పర్వాల సంపుటాలు మూడూ ఎర్ర కట్టలోనే ఉన్నాయి. ఉద్యోగపర్వంలో యుద్ధం లేదు, యుద్ధం ఆపడానికి తిరిగిన తిరుగుడు ఉంది. ముందు ద్రుపదుడి పురోహితుడు, తర్వాత సంజయుడు, చివరికి కృష్ణుడే రాయబారానికి వెళ్తాడు. అడిగింది ఐదు ఊళ్లు. స్త్రీపర్వంలో శవాల మధ్య గాంధారి ఏడుపు. వీటిని వీరం కట్టలో పెట్టినవాళ్లు అట్ట మీద ‘భారతం’ అన్న మాటకు మించి చదవలేదని తెలిసిపోతుంది.

ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైంది ద్రోణపర్వం చివరి ఆశ్వాసం. ఆయుధం కింద పెట్టడం గురించి రెండు సంఘటనలు పక్కపక్కనే ఉంటాయి. కొడుకు చచ్చాడన్న మాట నమ్మి ద్రోణుడు అస్త్రసన్యాసం చేస్తాడు, ధృష్టద్యుమ్నుడు వచ్చి తల నరుకుతాడు. ఆ కోపంలో అశ్వత్థామ నారాయణాస్త్రం వేస్తాడు. చేతిలో ఆయుధం ఉన్నవాణ్నే కాల్చే అస్త్రమది. రథాలు దిగి ఆయుధాలు పడేయమంటాడు కృష్ణుడు. సేనంతా పడేసి బతుకుతుంది. భీముడొక్కడే మొండికేస్తే కృష్ణార్జునులు అతణ్ని రథం మీంచి లాగి, ఆయుధం విడిపించాల్సి వస్తుంది. ఒకచోట ఆయుధం దించినవాడు చచ్చాడు, ఇంకోచోట దించినవాళ్లే బతికారు. ఏ పక్షం తీసుకున్నా ఎదుటివాళ్లు రెండోది ఎత్తుతారని ముందే లెక్కేసుకోవాలి. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగినప్పుడు ముడిపడ్డ పెద్ద పేచీల్లో ఇదొకటి: చర్చల కాలంలో దళాలు ఆయుధాలతో ఊళ్లలో తిరగొచ్చా? 2005 జనవరికల్లా ఆ చర్చలు తెగిపోయాయి. ద్రోణపర్వాన్నీ ఈ పేచీనీ పక్కపక్కన పెట్టి మాట్లాడితే ఐదు నిమిషాల ప్రసంగానికి వేరే సరుకు అక్కర్లేదు.

పల్నాటి వీరచరిత్రదీ ఇదే కథ. కోడిపందెం, కారెంపూడి, బాలచంద్రుడు అందరికీ తెలుసు. రాయబారానికి వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారన్నది ఎవరూ ఎత్తరు. సంధి దారి మూసుకుపోయింది అక్కడ.

తెలంగాణ సాయుధ పోరాటం మీద నాలుగు పుస్తకాలున్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య రాసింది పెద్దది, వేగంగా చదివినా వారం పడుతుంది. దాదాపు 3,000 ఊళ్లు, 10 లక్షల ఎకరాల పంపకం, 4,000 మంది దాకా మరణం అన్న లెక్కలు అందరూ అందులోంచే చెప్తారు. అవి పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ ఇచ్చిన లెక్కలని కూడా చెప్పాలి. లేదంటే జడ్జి అక్కడే పట్టుకుంటాడు. పోరాటం ఆపాలా వద్దా అన్న వాదం మీద ఈ పుస్తకంలో ఉన్న పేజీలు ‘వీరం’ కట్టవాళ్లు తప్పక చదవాలి.

మన జిల్లాల పిల్లలు ఇక్కడే ఎక్కువ పొరపాట్లు చేస్తారు. పరకాలలో నిజాం బలగాల కాల్పులు 1947 సెప్టెంబర్ 2న జరిగాయి, జనం జెండా పట్టుకుని వచ్చారు. బైరాన్‌పల్లి మీద రజాకార్ల దాడి 1948 ఆగస్టు 27న, అక్కడ జనం బురుజెక్కి ఎదురు నిలిచారు. మొదటి పొరపాటు ఈ రెండిటినీ ఒకటిగా కలిపేయడం. వట్టి చేతులతో వచ్చినచోటా, ఎదురు నిలిచినచోటా జనం చచ్చారు కాబట్టి ‘ఆయుధం ఉంటే బతికేవాళ్లు’ అన్న వాదమూ నిలవదు, ‘లేకుంటే బతికేవాళ్లు’ అన్నదీ నిలవదు. రెండోది, నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17తో పోరాటం అయిపోయిందని చెప్పడం. అయిపోలేదు. 1951 అక్టోబర్ 21న విరమించారు, ఆ మూడేళ్లూ ఎదురుగా ఉన్నది భారత యూనియన్ సైన్యం. మూడోది ఆయుధాల సంగతి. ఊళ్లలో మొదట చేతికొచ్చినవి గుతపలు (లావు కర్రలు), రాళ్లు విసిరే ఒడిసెలలు, కారంపొడి. తర్వాత బర్మార్లు. బర్మారంటే మూతి దిక్కు నుంచి మందు, గుండ్లు కూరి చువ్వతో దట్టించే తుపాకి. ఒకసారి పేలితే మళ్లీ నింపేదాకా వట్టి కట్టెతో సమానం. ‘జనం తుపాకులు పట్టారు’ అని ఊపుగా అనేముందు ఈ తేడా తెలిసుండాలి.

తెల్ల కట్టలో కాళోజీ ‘నా గొడవ’, బాలగోపాల్ వ్యాసాలు, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ ఉన్నాయి. కాళోజీది శాంతివచనం అని ఎవరు చెప్పారో! అన్యాయం మీద ఆయన కోపం పేజీపేజీకీ కనిపిస్తుంది. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్‌ను మాత్రం నిదానంగా చదవండి. రాజ్యం తుపాకినీ, ఉద్యమం తుపాకినీ రెండిటినీ నిలదీసినందుకే ఆయనకు పాత పౌరహక్కుల సంఘంతో తెగి, 1998లో మానవహక్కుల వేదిక పుట్టింది. ఏ కట్టలోనూ ఇమడని మనిషి. ఇక శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ కవితతో ప్రసంగం మొదలుపెట్టొద్దు. పోటీలో పదిమందిలో ఆరుగురు దానితోనే మొదలుపెడతారు, మొదటి పాదానికే జడ్జీలు పెన్ను కింద పెడతారు.

పెట్టెలో లేని పుస్తకం ఒకటుంది, దాని లోటు తీరదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పినవి. దళంతో నడవడానికి కన్నబిడ్డను ఇచ్చేసుకున్న తల్లి ఉంది అందులో. ఆయుధం దించాక ఇంటికొచ్చిన ఆడమనిషికి ఏం మిగిలిందన్నది పెట్టెలోని 14 పుస్తకాల్లో వెతికినా దొరకదు. 1998 పోఖ్రాన్ తర్వాత అణుబాంబు మీద నడిచిన వాదాలకు కూడా పెట్టెలో ఒక్క పేజీ లేదు.

పుస్తకాల పరిస్థితి నడిమిరకం. సుందరయ్య పుస్తకం న్యూస్‌ప్రింట్, గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కింది. జిరాక్స్ మిషన్ మీద బోర్లా నొక్కితే వెన్ను విరుగుతుంది. పుస్తకాన్ని సగం తెరిచి ఫోన్‌తో ఫొటో తీసుకోవడం నయం. ద్రోణపర్వం సంపుటం మళ్లీ బైండింగ్ చేయించింది, అందులో ఒక ఫారం తారుమారైంది: 16 పేజీలు ముందుకు జరిగాయి. చదువుతుంటే కథ తెగినట్టు అనిపిస్తే పేజీ నంబర్లు చూసుకోండి. ఎలాగూ భారతాన్ని ఉదహరించేటప్పుడు పేజీ నంబరు పనికిరాదు, ముద్రణకో నంబరు ఉంటుంది. పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య రాసుకోండి.

తీసుకునేటప్పుడు దుకాణంలోనే మూడు పనులు చేయండి. జాబితా పట్టుకుని 14 పుస్తకాలూ లెక్కపెట్టండి. చినిగిన పేజీలు, ఊడిన పిన్నులు ఉంటే రసీదు వెనక రాయించుకోండి, లేదంటే తిరిగిచ్చేటప్పుడు ఆ చిరుగు మీ లెక్కలో వేస్తారు. ఆ తర్వాత దారాలు రెండూ విప్పి వాళ్ల బల్ల మీదే పెట్టి రండి.

పోటీకి పన్నెండు రోజుల ముందు తెచ్చుకుంటే సరిపోతుంది. మొదటి నాలుగు రోజులు ఇద్దరూ భారతం, మధ్య ఐదు రోజులు సాయుధ పోరాటం, మిగిలిన మూడు రోజులు ఒకరి పక్షం ఇంకొకరు మాట్లాడి చూసుకోవడం. గడువు దాటితే రోజుకు 20 రూపాయలు డిపాజిట్‌లో కోస్తారు, ఆదివారం దుకాణం మూసినా ఆ రోజునూ లెక్కలో వేస్తారు. శనివారం సాయంత్రమే ఇచ్చేయండి.