మా గోబర్ గ్యాస్ గొట్టం: పదేళ్ల వాడకం తర్వాత

గోబర్ గ్యాస్ గురించి ఎవరు అడిగినా నేను ముందుగా గొట్టం సంగతే చెబుతాను. పేడ ఎంత వేయాలి, నీళ్లు ఎంత కలపాలి, ఎన్ని గొడ్లు ఉండాలి అన్నవి కట్టించే మేస్త్రీ మొదటి రోజే అప్పజెబుతాడు. గొయ్యి నుంచి వంటింటి దాకా వచ్చే 60 అడుగుల గొట్టం గురించి మాత్రం నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. దాని మూలంగా 2018 చలికాలంలో నెలన్నర పాటు పడిన అవస్థ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది ప్రకాశం జిల్లా మద్దిపాడు వైపు, గుండ్లకమ్మకు దగ్గరి ఊరు. నల్లరేగడి నేల, శనగ, పొగాకు వేస్తాము, నీళ్లున్న చెక్కలో మిరప పెడతాము. నాలుగు గేదెలు ఉన్న రోజుల్లో, 2015 ఫిబ్రవరిలో, రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే దీనబంధు రకం కట్టించుకున్నాము. మా మామగారి కాలంలో పెరట్లో ఇనుప డ్రమ్ము పైకీ కిందికీ తేలే పాత రకం ఒకటి ఉండేదట. డ్రమ్ము తుప్పుపట్టి చిల్లులు పడటంతో దాన్ని పాత ఇనుము కొనేవాళ్లకు వేసేసి, గుంతను పూడ్చేశారు. ఆ జ్ఞాపకం వల్లనే మా అత్తగారు ఇనుము లేని రకమైతేనే ఒప్పుకుంటానని పట్టుబట్టారు. ఢిల్లీలోని అఫ్‌ప్రో అనే సంస్థ 1984లో రూపొందించిన దీనబంధు నమూనాలో గ్యాసు నిలిచే గుమ్మటం ఇటుకలతో కట్టి నేలలోనే ఉంటుంది కాబట్టి తుప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ మాట నిజమే, పదేళ్లలో గుమ్మటం మమ్మల్ని ఒక్కనాడూ ఇబ్బంది పెట్టలేదు.

మొదటి మూడేళ్లు నేను దాన్ని పొగడని రోజు లేదు. రెండు ఘనపు మీటర్ల గ్యాసు సుమారు 900 గ్రాముల సిలిండర్ గ్యాసుతో సమానం. ఆ లెక్కన 14.2 కిలోల సిలిండరు పదిహేను పదహారు రోజుల్లో మిగిలిపోతుందని చుట్టాలందరికీ లెక్కగట్టి చెప్పేదాన్ని. ఆ లెక్క ఎండాకాలానిదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పుష్యమాసంలో గొయ్యి చల్లబడి గ్యాసు తగ్గుతుంది. గొడ్లను బయట మేతకు తోలిన రోజుల్లో పేడ సగం పొలం పాలవుతుంది. సంక్రాంతికి అరిసెల మూకుడు పెట్టినప్పుడు ఆ మంట చాలదు, ఆ నాలుగు రోజులూ సిలిండరే గతి. అన్నం, పప్పు, పాలు, గేదెల కుడితి వీటికి మాత్రం దానికి వంక పెట్టలేము. గిన్నెలకు మసి పట్టదు, కళ్లు మండవు.

2018 కార్తీకంలో, వానలు పడి వెలిసిన వారానికి, పొయ్యి మంట ఎగరడం మొదలుపెట్టింది. నీలంగా, నిలకడగా ఉండవలసిన మంట ఒకసారి జానెడు లేచి, మరుక్షణం బర్నరు రంధ్రాల్లోకి ముడుచుకుని, మళ్లీ లేచేది. పొద్దున్నే పొయ్యి వెలిగిస్తే అరగంట ఎలాగోలా మండేది. ఎసరు మరిగి బియ్యం పోసే వేళకు టప్పున ఆరిపోయేది. సాయంత్రానికి మళ్లీ అదే తంతు. సగం ఉడికిన అన్నాన్ని కట్టెలపొయ్యి మీదికి మార్చడం నాకు రోజూ పనైంది.

అందరూ తలా ఒక కారణం చెప్పారు. మా వారు పేడ తక్కువైందన్నారు, పక్కింటి నుంచి రెండు తట్టలు తెచ్చి కలిపారు. చలికి గొయ్యి పడుకుందని ఒకరన్నారు, రెండు వారాల పాటు గోరువెచ్చటి నీళ్లతో పేడ కలిపి పోశాను. చావిట్లో ఫినాయిల్ కడిగిన నీళ్లు గొయ్యిలోకి పోయి లోపలి సూక్ష్మజీవులు చచ్చిపోయి ఉంటాయని ఇంకొకరన్నారు. అది సాధ్యమయ్యే మాటే కాబట్టి ఫినాయిల్ మానేశాము, అయినా ఫలితం కనిపించలేదు. చివరికి మేస్త్రీని పిలిపిస్తే అతను గుమ్మటం చుట్టూ ఒకసారి తిరిగి, "నెర్రె ఇచ్చినట్టుందక్కా, మొత్తం తోడించి లోపల పూత మళ్లీ వేయాల్సిందే" అన్నాడు. తోడడం అంటే మాటలు కాదు. ఖాళీ చేసిన గొయ్యిలో గాలికి బదులు గ్యాసు నిలిచి ఉంటుంది, దిగిన మనిషి ఊపిరాడక పడిపోతాడు. ఆ గండం గడిచి మళ్లీ నింపినా గ్యాసు పుట్టడానికి నెలా, చలికాలమైతే ఇంకా ఎక్కువే పడుతుంది. రోజు కూడా మాట్లాడుకున్నారు, మనుషుల్నీ పిలిచారు.

నేను ఒప్పుకోకపోవడానికి ఒకే ఒక్క కారణం ఉంది. దీనబంధులో గుమ్మటం కింద గ్యాసు పోగైనకొద్దీ లోపలి స్లర్రీ, అంటే నీళ్లలో కలిసి పులిసిన పేడ, వెలుపలి తొట్టిలోకి నెట్టబడి పైకి లేస్తుంది, గ్యాసు వాడినకొద్దీ మళ్లీ లోపలికి దిగిపోతుంది. ఆ తొట్టిలో మట్టం ఎంత ఎత్తున ఉంటే లోపల అంత గ్యాసు ఉన్నట్టు. పొయ్యి ఆరిపోయిన ప్రతిసారీ నేను పెరట్లోకి వెళ్లి చూస్తే తొట్టిలో మట్టం సగం కూడా దిగి ఉండేది కాదు. గుమ్మటం కారిపోతుంటే మట్టం లేవకూడదు. లేచి నిలబడి ఉందంటే గ్యాసు లోపలే ఉంది, వంటింటికి రావడం లేదు. ఈ మాట నేను మూడు నాలుగుసార్లు చెప్పాను. ఆడవాళ్లకు గొయ్యి సంగతి ఏం తెలుస్తుందిలే అని ఎవరూ నోరు తెరిచి అనలేదు కానీ, ఎవరూ చెవిని కూడా పెట్టలేదు.

ఒక రాత్రి మా అత్తగారు వసారాలో మంచం మీద కూర్చుని, పొయ్యి వెలుగుతుండగా, "అమ్మాయ్, ఆ నేలలో కూజా వంచినట్టు గుడగుడమంటోంది, ఇటొచ్చి విను" అన్నారు. మోకాలు నేలకానించి చెవి పెట్టి విన్నాను. గొట్టం పాతిన చోట, సరిగ్గా మంట ఎగిరినప్పుడల్లా ఒక గుడక, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ ఒక గుడక వినిపించాయి. మర్నాడు పొద్దున మా వారు గుమ్మటం మీది వాల్వు కట్టేసి, రెండు చివరలా గొట్టం ఊడదీసి, గొయ్యి వైపు నుంచి సైకిలు పంపుతో గాలి కొట్టారు. వంటింటి చివర నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసనతో గోధుమరంగు నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి, కింద పెట్టిన చెంబు నిండి పొర్లిపోయింది. గొట్టం బిగించి పొయ్యి వెలిగిస్తే మంట కదలకుండా నిలబడింది. నెలన్నర బాధకు మందు ఒక సైకిలు పంపు.

పేడలో నీళ్లు గొట్టంలోకి వచ్చాయని మేమంతా మొదట అనుకున్నాము, అది పొరపాటు. గొయ్యిలోంచి వచ్చే గ్యాసు ఎప్పుడూ ఆవిరితో నిండుగా తడిసి ఉంటుంది. వెచ్చటి గొయ్యి నుంచి చల్లటి గొట్టంలోకి రాగానే, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు, ఆవిరి నీరై గొట్టం గోడలకు పడుతుంది. 32 డిగ్రీల దగ్గర బయలుదేరిన గ్యాసు 22 డిగ్రీలకు చల్లబడితే ఒక్కో ఘనపు మీటరు నుంచి 14 గ్రాముల నీరు విడిపోతుంది. రోజుకు చూస్తే రెండు పెద్ద చెంచాలే అయినా, నెల తిరిగేసరికి ముప్పావు లీటరు దాటుతుంది. ఆ నీరు పోయే దారి లేకపోతే గొట్టం ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ చేరుతుంది. మా గొట్టం ఒకచోట జానెడుకు కొంచెం తక్కువ పల్లానికి కుంగి ఉంది. పొయ్యి సరిగా మండాలంటే బెత్తెడు నీటి ఎత్తంత ఒత్తిడి కావాలి. దారిలో ఉన్న నీటిని తోసుకుని రావడానికి ఇంకో జానెడు కావాలి. పొద్దున గుమ్మటం నిండుగా ఉన్నప్పుడు ఆ రెండూ సరిపోయేవి. అరగంట మండి ఒత్తిడి కాస్త తగ్గగానే నీళ్లదే పైచేయి అయ్యేది, లోపల సగం గ్యాసు ఉండగానే పొయ్యి ఆరిపోయేది.

గొట్టం కుంగడానికి తప్పు మా నేలది, కొంత మాది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దూరేంత నెర్రెలిస్తుంది. అందులో పాతిన ప్లాస్టిక్ గొట్టం ఏటా దానితోపాటు లేచి దిగుతూనే ఉంటుంది. దానికి తోడు శనగ బస్తాల ట్రాక్టరు వాకిట్లోకి వచ్చేది ఆ గొట్టం మీదుగానే. గొట్టాన్ని వాలుగా వేయాలని, పల్లంలో నీరు తీసే ఏర్పాటు పెట్టాలని మేస్త్రీకి తెలిసి ఉండాలి. తెలిసీ వదిలేశాడో, తెలియకనే వదిలేశాడో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

మొదటి మరమ్మతు కూడా తప్పే చేశాము. కాలువ తవ్వి, ఇసుక పరిచి, గొట్టాన్ని వాలుగా వేసి, అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట మూడు నోళ్ల అతుకు, అదే టీ, ఒకటి బిగించి దాని కింద నీరు తీసే సీసా పెట్టాము. ఏడాది పాటు హాయిగా నడిచింది. మరుసటి ఎండాకాలం నేల మళ్లీ నెర్రెలిచ్చి పల్లం ఆరడుగుల అవతలికి జరిగింది. సీసా పొడిగా ఉంది, గుడగుడ మాత్రం వచ్చేసింది. ఇక నేలతో పోటీ పడలేమని 2020లో గొట్టాన్ని పైకెత్తేశాము. గొడ్లచావిడి గోడ వెంట, తర్వాత నాలుగు రాతి కూసాల మీదుగా, వంటింటి గోడ దగ్గర ఎత్తుగా మొదలై గొయ్యి వైపు దిగేటట్టు కట్టాము. నూటికి ఒకటి చొప్పున వాలు ఇవ్వాలంటారు. 60 అడుగులకు ఏడంగుళాలు. గొట్టంలో పట్టిన నీరు తనంతట తానే గుమ్మటంలోకి జారిపోతుంది. వంటింటి గోడ వెంట పొయ్యికి దిగేచోట మాత్రం ఒక టీ, దాని కింద మూత ఉన్న పొట్టి గొట్టం ఉన్నాయి. నెలకోసారి వాల్వు కట్టేసి ఆ మూత తీసి నీళ్లు వంచేస్తాను. అతుకులకు సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాము. అగ్గిపుల్ల గీసి చూసే వాళ్లను నేను చూశాను, ఆ పని మాత్రం ఎవరూ చేయకండి.

ఇది కూడా పూర్తి విజయమని చెప్పలేను. రోహిణి ఎండలకు నల్ల గొట్టం మెత్తబడి కూసాల మధ్య తాడులా వేలాడింది. కింద ఇనుప కమ్మీ దన్ను పెట్టి నాలుగడుగులకొకచోట కట్టిన తర్వాతనే నిలబడింది. చూడటానికి వాకిట్లో బట్టలు ఆరేసే తీగలాగా ఉంటుంది, నిజంగానే దాని మీద తుండుగుడ్డ ఆరేసే వాళ్లతో నాకు రోజూ గొడవే.

స్లర్రీ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. మిరపకూ, గేదెల నేపియరు గడ్డికీ దిబ్బ ఎరువుకన్నా అదే మేలని నాకు అనుభవం. కలుపు విత్తనాలు చాలా వరకు అందులో చచ్చిపోతాయి, ఈగలూ తక్కువే. శనగకు పోయము, గాలిలో నత్రజనిని వేళ్లలో తానే పట్టుకునే పైరుకు దాని అవసరం అంతగా లేదు.

కట్టించుకోమంటారా అని అడిగే వాళ్లకు నేను సూటిగా జవాబు చెప్పలేకపోతున్నాను. ఇంటి దగ్గర కట్టేసి మేపే గొడ్లు నాలుగుండి, రోజూ పొద్దున్నే చెత్తా ఇసుకా ఏరేసి పేడ కలిపే మనిషి ఉండి, గొయ్యి వంటింటికి దగ్గరగా కుదిరితే, నేను వద్దనను. ఇసక నేల, ఎర్రనేల వాళ్లకు గొట్టం పాతిపెట్టినా ఇబ్బంది లేకపోవచ్చు; మా రేగడి వాళ్లయితే మొదటి రోజే పైనుంచి వేయించుకోవాలి. మా ఇంట్లో పేడ కలిపే పని ఇన్నాళ్లూ అత్తగారిది. ఆమెకు మోకాళ్ల నొప్పులు వచ్చాక అది నా మీద పడింది, నాకు దాని మీద ఆమెకున్నంత ప్రేమ లేదు. పోయిన శ్రావణంలో ఒక గేదెను అమ్మేశాము. మూడింటి పేడతో రాత్రి వంట చివరి కూర దగ్గరికి వచ్చేసరికి మంట తగ్గుతోంది, ఈసారి మాత్రం ఎగరకుండా, నెమ్మదిగా. తొట్టిలో మట్టం కూడా అడుక్కు దిగి ఉంటోంది.